కోడి ఈక సాక్ష్యం

మెదక్,
23 జనవరి 1949, ఆదివారం

తమ్ముడు జయానందానికి,

ఎనిమిదేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఈ కవరును పట్టకారుతో పట్టుకొని ఉంటావు. భయపడకు, చేత్తోనే విప్పు. నాకు కుష్టు లేదు. ఎప్పుడూ లేదు.

ఈ మాట అంటున్నది నేను కాదు. మిలిటరీతో వచ్చిన కెప్టెన్ డాక్టరు, మద్రాసు వైపు మనిషి, నన్ను పగటి వెలుగులో గంటసేపు పరీక్షించి, కాగితం మీద రాసి సంతకం చేసి ముద్ర వేసి ఇచ్చాడు. జబ్బు పేరు సోరియాసిస్. నా మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో పేరుకొనే తెల్లటి పొలుసులు దానివే. నా వేళ్లు వాచి వంకరపోయింది కూడా దానివల్లే. చర్మాన్ని పట్టిన జబ్బే కీళ్లనూ పట్టింది. ఎందుకు వస్తుందో తమ శాస్త్రానికి ఇంకా అందలేదట. బయటి నుంచి వచ్చిన క్రిమి ఏదీ కనిపించదట, ఒళ్లు తన మీద తానే తిరగబడ్డట్టు ఉంటుందట. ఒకరి నుంచి ఒకరికి అంటదని, కాని ఒకే రక్తంలో మళ్లీ మళ్లీ కనిపించవచ్చని చెప్పాడు.

ఆయన నా దగ్గరికి ఎట్లా వచ్చాడో వినదగ్గ సంగతే. సెప్టెంబరులో రజాకార్ల పని అయిపోయి, మిలిటరీ ఇంకా కుదురుకోని రోజులు. కర్రలు దొరికిన ప్రతివాడూ పాత పగలు తీర్చుకోవడానికి బయలుదేరాడు. దర్జీ ఖాజా మియా భార్యను వెంటబెట్టుకొని ఖిల్లా గుట్ట వెనక నా గుడిసెకు వచ్చాడు. "సార్, మీ ఇంట్ల ఎవ్వడు కాలు పెట్టడు. నాలుగు దినాలు జాగ ఇయ్యుండ్రి" అన్నాడు. ఆ మనిషి జీవితంలో ఎవరికీ కీడు చేసినవాడు కాదు, మన పేట పిల్లలందరి బట్టలూ కుట్టినవాడు. ఇచ్చాను. కర్రలవాళ్లు వచ్చి ఇరవై అడుగుల దూరాన ఆగి, "లోపట ఎవరున్నరు సారూ?" అని అరిచారు. "పెద్దరోగం ఉన్నది, రండ్రి" అన్నాను. ఎవడూ రాలేదు. నువ్వు నాకు అంటించిన పేరు రెండు ప్రాణాలు కాపాడింది. అందుకు నీకు కృతజ్ఞతలు చెప్పను.

ఐదో రోజు సోదా చేయడానికి వచ్చిన సిపాయిల వెంట ఈ డాక్టరు ఉన్నాడు. "నీకు ఈయన దగ్గర భయం కాలేదా?" అని మియాను అడిగాడు. "సాబ్, బయటోళ్ల కన్న గీ సారు నయం. సారు గోళ్లు చూడుండ్రి, నా అంగుస్తానా లెక్కనే గుంటలు పడ్డయ్" అన్నాడు మియా, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కొనే ఇత్తడి తొడుగు చూపించి. డాక్టరు నవ్వలేదు. వంగి నా చేయి పట్టుకొని గోళ్లు చూశాడు. వట్టి చేత్తో పట్టుకొన్నాడు, జయానందం. ఆ తర్వాత మూడుసార్లు వచ్చాడు. పోయిన వారం దండు ఇక్కడి నుంచి కదులుతుండగా కాగితం ఇచ్చి పోయాడు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. 1941లో నువ్వు నా కళ్లకు గుడ్డ కట్టి, మోచేతి మీద కోడి ఈక రాసి, "తెలుస్తుందా అన్నా?" అని అడిగావు. తెలియలేదన్నాను. ఆ సాయంత్రమే ఆసుపత్రి రిజిస్టరులో నా పేరు పక్కన కుష్టు అని రాశావు. బైబిలు పాత నిబంధనలోని యాజకులు కూడా మచ్చ ఉన్నవాణ్ణి ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూసేవారు. వారికి కంపౌండరు పరీక్ష పాసైన సర్టిఫికెట్లు లేవు. నీకున్నాయి, నువ్వు ఒక్క పూట ఆగలేదు.

ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన బడి వారంలో నాకు మూసుకొంది. రెండేళ్లపాటు బుధవారం బుధవారం కుష్టు రోగులకిచ్చే నూనె సూది నువ్వే పొడిచావు. మీ వదిన దానమ్మ నన్ను వదలలేదు కనుక ఆమెనూ పేట వదిలేసింది. 1944లో ఆమె పోతే మోయడానికి నలుగురు రాలేదు. నువ్వు అల్లాదుర్గ్ నుంచి వచ్చి, గట్టు అవతల నిలబడి, ఆఖరి ప్రార్థన కాకముందే బస్సుకు వెళ్లిపోయావు.

నాకు కావలసింది ఒకటే. ఒక ఆదివారం వచ్చి మన పేట ప్రార్థన మందిరంలో, ప్రసంగం అయ్యాక లేచి, "మా అన్నకు కుష్టు లేదు, నేను తప్పు రాశాను" అని అందరూ వినేటట్టు చెప్పు. డాక్టరు ఎట్లా తేల్చాడో మాత్రం రాయను. నీకు రిజిస్టరు ఉంది కదా, వెతుక్కో.

నీ అన్న,
లాజరు


అల్లాదుర్గ్,
20 ఫిబ్రవరి 1949

పూజ్యులైన అన్నగారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ ఉత్తరం అందింది. ఈ వైపు మిలిటరీ వాళ్లు కమ్యూనిస్టు సంఘంవాళ్ల కోసం గాలిస్తున్నందున బస్సులు సరిగా నడవడం లేదు, టపా కూడా ఆలస్యంగా వస్తోంది. అందువల్ల జవాబు వెంటనే రాయలేకపోయాను.

మీకు ఉపశమనం కలిగించే మాట ఒక డాక్టరుగారు చెప్పినందుకు సంతోషం. అయితే ఆ రోజు నేను నా ఇష్టప్రకారం ఏదీ చేయలేదని మనవి. పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారు. శనివారంలోగా తేల్చి చెప్పమని బడివారు కబురు పంపారు. మాకు నేర్పిన పరీక్షే చేశాను. కళ్లు మూసి ఈక రాయాలి, తెలియకపోతే ఆ చోటు మొద్దుబారినట్టు. మచ్చ ఉంది, వేళ్లు వంగాయి, ఈక తెలియలేదు. నా స్థానంలో ఎవరున్నా అదే రాసేవారు. మందిరంలో లేచి మాట్లాడటం గురించి పెద్దలతో ఆలోచించి చెబుతాను. ఇన్నేళ్ల తర్వాత కదిలిస్తే మనకే నగుబాటు అవుతుందేమో కూడా చూడాలి.

వృత్తిరీత్యా కొన్ని సంగతులు తెలుసుకోగోరుతున్నాను. మీకు మొదట మచ్చలు వచ్చాయా, గోళ్లు చెడ్డాయా? తలలో పొలుసు చుండ్రులాగా మొదలైందా? పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకొని, ఎండెక్కిన కొద్దీ సడలేవా? ఒక వేలు మొత్తం అరటిగెలలో పండులాగా ఉబ్బిందా? దురద ఉండేదా? ఊరికే అడుగుతున్నాను. రోగుల కోసం రాసి పెట్టుకొంటాను.

మీ మరదలు యేసమ్మ మీకు వందనాలు చెప్పమన్నది. ఇంట్లో అందరూ క్షేమం.

మీ తమ్ముడు,
జయానందం


మెదక్,
6 మార్చి 1949

జయానందానికి,

"ఉపశమనం కలిగించే మాట" అని రాశావు. ఎంత అందమైన మాట. నువ్వు కంపౌండరు కావలసినవాడివి కాదు, తాలూక్‌దారు కచేరీలో అర్జీలు రాసిపెట్టవలసినవాడివి.

నీ ప్రశ్నలు నాలుగుసార్లు చదివాను. రెండేళ్లు నాకు సూది పొడిచిన మనిషివి, నూరు బుధవారాల్లో ఒక్కసారి కూడా "అన్నా, దురద పెడుతుందా" అని అడగలేదు. ఇవాళ నా గోళ్ల మీద నీకింత ప్రేమ ఎందుకు పుట్టింది? రోగుల కోసమట. నేను నలభై ఏళ్లు పుస్తకాలు చదివినవాణ్ణి, జయానందం. ఒక మనిషి "ఊరికే" అన్నాడంటే దాని వెనక ఏం దాచాడో వెతకడం నాకు అలవాటు.

ఎవరికి వచ్చింది? నీకేనా? పొద్దున్నే మందుసీసా బిరడా తీయడానికి వేళ్లు రావడం లేదా? రోగులకు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా తొడుక్కొంటున్నావా? నువ్వు నాకు చేసిన పరీక్ష నువ్వు చేసుకొన్నావా? ఈక తెలిసిందా, తెలియలేదా? నీ పేరు రిజిస్టరులో రాసుకొన్నావా, లేక ఆ పేజీ అన్నలకే పనికొస్తుందా?

కూరగాయలమ్మే పెంటమ్మ నా గడప ముందు తట్ట దించి, నేనీ ఉత్తరం రాస్తుంటే అడిగింది. "ఏంది సారూ, పిచ్చోని లెక్క ఒక్కనివే నవ్వుకుంటున్నవ్?" "మా తమ్మునికి రాస్తున్న" అన్నాను. "నీకు తమ్ముడున్నడా!" అని నోరు తెరిచింది. ఎనిమిదేళ్లుగా ఆమె దగ్గర బెండకాయలు కొంటున్నాను, నువ్వు ఉన్నట్టు ఆమెకు తెలియదు.

నా షరతు మారలేదు. ముందు మందిరంలో చెప్పు. ఆ తర్వాతే నీ ప్రశ్నలకు జవాబు.

లాజరు


అల్లాదుర్గ్,
27 మార్చి 1949

అన్నా,

నాకు కాదు. నాకు వచ్చి ఉంటే నీకు రాసేవాణ్ణి కాదు, ఎక్కడికైనా పోయేవాణ్ణి. నా బిడ్డ ఎలిశిబాకు వచ్చింది.

నువ్వు చూసినప్పుడు పదేళ్లది, ఇప్పుడు పద్దెనిమిది. జూన్‌లో మెదక్‌కు పంతులమ్మ ట్రైనింగుకు రావలసిన పిల్ల. వానలు పోయాక మోచేతుల మీద మచ్చలు లేచాయి, చేప పొలుసులాగా తెల్లగా. సూదితో పొడిచినట్టు గోళ్లలో గుంటలు. సంక్రాంతి దాటాక కుడిచేతి మధ్యవేలు ఉబ్బి అట్లాగే ఉండిపోయింది. పొద్దున జడ వేసుకోలేకపోతోంది, వాళ్లమ్మ వేస్తుంది. పేటలో మలేరియా అని చెప్పి వెనక గదిలో ఉంచాము. ఈక మూడుసార్లు రాశాను. ఒకసారి నేను, రెండుసార్లు యేసమ్మ. మూడుసార్లూ తెలియలేదన్నది. మూడోసారి కళ్లగుడ్డ తీసేసి, "నాయినా, తెలుస్తుందని చెప్పనా?" అని అడిగింది. అన్నా, నీకు ఈక రాసిన సాయంత్రమే రిజిస్టరు తీశాను. ఈసారి రిజిస్టరు తెరవలేదు, ఈకను పొయ్యిలో వేశాను.

కుష్టు ఆశ్రమానికి రాశాను. ఈస్టర్ మరునాడు, ఏప్రిల్ పద్దెనిమిదిన తీసుకు రమ్మన్నారు. ఒకసారి అక్కడ పేరు ఎక్కితే ట్రైనింగు లేదు, బడి లేదు, ఇల్లు కూడా లేనట్టే. నీకు తెలుసు, నేను చెప్పనక్కరలేదు. నీ ఉత్తరం రాకపోయి ఉంటే నాకు అనుమానమే కలిగేది కాదు. "ఒకే రక్తంలో మళ్లీ కనిపిస్తుంది" అని రాశావే, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను.

మొదటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. నా స్థానంలో ఎవరున్నా అదే రాసేవారన్నది నిజం కాదు. పెద్ద డాక్టరు పదిహేను రోజుల్లో సెలవు నుంచి వస్తున్నారు, ఆగమని చెప్పవచ్చు. తెలియదు అనడం నాకు నామోషీ అయింది. అన్న పెద్ద చదువరి, పేటంతా సారు సారు అంటారు, కంపౌండరు తమ్ముడు "నాకు తెలియదు" అని ఎట్లా అనాలి అనుకొన్నాను. అంతే. అంతకు మించి పగేమీ లేదు.

మందిరంలో చెప్తాను. కాని ఇప్పుడే వచ్చి చెబితే ఎందుకు ఇన్నేళ్లకు గుర్తొచ్చిందని అడుగుతారు, పిల్ల సంగతి బయటపడుతుంది. ఒక్కటి చెప్పు. ఆ డాక్టరు ఎట్లా తేల్చాడు? ఈక అబద్ధం చెప్పిందా?

జయానందం


మెదక్,
8 ఏప్రిల్ 1949, శుక్రవారం

జయానందానికి,

టపాను నమ్మక ఈ ఉత్తరం ఖాజా మియా చేతికిచ్చి పొద్దుటి బస్సుకు పంపుతున్నాను. అతనికి ఇంత అన్నం పెట్టు. లోపల కూర్చోబెట్టి పెట్టు.

నీ ఉత్తరం మార్చి ముప్పైన అందింది. తొమ్మిది రోజులు నా దగ్గరే పెట్టుకొన్నాను. టపా మీద నెపం వేయవచ్చు, వేయను. మొదటి రెండు రోజులు నాకు సంతోషంగా ఉండింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎలిశిబా ముఖం నాకు గుర్తు లేదు. గుర్తు లేని ముఖం మీద జాలి తెచ్చుకోవడం కష్టం, నీ ముఖం బాగా గుర్తుంది. ఒక వెనక గదిని, దాని తలుపు అవతల నువ్వు కూర్చొని ఉండటాన్ని ఊహించుకొంటూ గడిపాను. ఇట్లాగే కొనసాగి ఉంటే ఎంత దూరం పోయేవాణ్ణో నాకు తెలియదు.

నిన్న పెంటమ్మ వచ్చింది. తట్టలో కోడి ఈక ఒకటి ఉంటే అడిగి తీసుకొని, "అవ్వా, నేను కండ్లు మూసుకుంట, నా మోచేతి మీద దీన్ని రాయి" అన్నాను.

"గదేం ఆట సారూ, గీ వయసుల?"

"రాయమంటే రాయి."

కాసేపు ఊరుకొని, "ఇంక మొదలు పెట్టవేందే?" అన్నాను.

"అయ్యో, పొద్దటిసంది రాస్తనే ఉన్న గదా!"

నాకు తెలియలేదు, జయానందం. కుష్టు లేని చేతి మీద ఈక తెలియలేదు. పొలుసు గోడ సున్నంలాగా మందంగా పేరుకొంది, దాని మీద ఈక రాస్తే కింద ఉన్న చర్మానికి ఎట్లా తెలుస్తుంది? ఈక అబద్ధం చెప్పలేదు. నువ్వు దానితో పొలుసును అడిగావు, నన్ను అడగలేదు.

ఎనిమిదేళ్లు నిన్ను దుర్మార్గుడివి అనుకొని బతికాను. అది నాకు ఒక రకమైన బలం. నువ్వు వట్టి చేతకాని కంపౌండరువని, తెలియదు అనడానికి సిగ్గుపడ్డ మామూలు మనిషివని తేలడం నాకు పెద్ద నష్టం. ఈ వయసులో కొత్త శత్రువును ఎక్కడ వెతుక్కోను?

డాక్టరు చేసింది ఇది. పిల్లకు కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి మచ్చల మీద పట్టించండి. తడిగుడ్డ కప్పి మూడు గంటలు ఉంచండి. పొలుసు నానిన తర్వాత మెత్తని గుడ్డతో తుడవండి, గోరు పెట్టి గీకకూడదు. కింద ఎర్రటి చర్మం వస్తుంది, గుండుసూది మొనంత నెత్తురు చుక్కలు కనిపించవచ్చు. కంగారు పడకండి, డాక్టరు వాటిని చూసే తల ఊపాడు. అప్పుడు ఒక గుండుసూది కాగబెట్టి చల్లార్చి, ఒకసారి మొనతో, ఒకసారి తలతో, వరస లేకుండా తాకించాలి. ఏది తాకిందో కళ్లు మూసుకొని ఆమె చెప్పాలి. పగటి వెలుగులో చేయండి. యేసమ్మ చేయాలి. నువ్వు దూరంగా కూర్చో.

డాక్టరు ఇచ్చిన కాగితం కూడా దీనితో పెడుతున్నాను. నాకున్నది ఇదొక్కటే, రాసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో కూడా తెలియదు. ఆశ్రమం డాక్టరుకు చూపించు. ఒకే ఇంట్లో రెండో మనిషికి అదే జబ్బు అని చెబితే ఆయన ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాడు. ఇది పోతే నా మాటకు సాక్ష్యం లేదు. తెలిసే పంపుతున్నాను.

నిన్ను క్షమించానని అనుకోకు. అది వేరే లెక్క, ఇంకా మొదలు పెట్టలేదు.

లాజరు


అల్లాదుర్గ్,
2 మే 1949, సోమవారం

అన్నా,

ముందు పిల్ల సంగతి. నువ్వు చెప్పినట్టే చేశాం. యేసమ్మ మొదటిసారి మొన తాకించగానే "అబ్బ, పొడుస్తవేందే అమ్మా!" అని ఎలిశిబా చేయి లాక్కొంది. యేసమ్మ ఏడుస్తూ ఇంకో పదకొండుసార్లు తాకించింది. పన్నెండింటికి పన్నెండు సరిగ్గా చెప్పింది. నేను నువ్వన్నట్టు దూరంగానే కూర్చొన్నాను.

అయినా నా మాట నేను నమ్మలేదు. పద్దెనిమిదిన ఆశ్రమానికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు నీ కాగితం రెండుసార్లు చదివి, చెవి తమ్మె నుంచి, మచ్చ నుంచి కొంచెం చర్మం గీకి తీసి మైక్రోస్కోపు అద్దం కింద చూశారు. క్రిములు లేవు. "గీ పిల్లను ఇక్కడికెందుకు తెచ్చిండ్రు? తోలుకపోండ్రి" అన్నారు.

నిన్న మన పేట మందిరంలో లేచి చెప్పాను. నీ కోసం చూశాను, నువ్వు లేవు. ప్రసంగం అయ్యాక, "1941లో మా అన్న లాజరుకు కుష్టు అని నేను రాశాను, అది తప్పు, ఆయనకు ఎన్నడూ కుష్టు లేదు" అన్నాను. వెనక వరసలో ఒకామె పక్కామెను అడిగింది. "ఏ లాజరు? గా లాజరు సారు ఇంక బతికే ఉన్నడా?" నీకు కోపం వస్తుందని తెలిసినా రాస్తున్నాను.

తర్వాత మందిరం పెద్ద గాబ్రియేలు లేచాడు. నేను కాగితం చూపించాను. "గా ఇంగిలీషు కాగితంల ఏమున్నదో మాకేమెరుక? అప్పుడు కుష్టు అన్నది నువ్వే, ఇప్పుడు కాదంటున్నది నువ్వే. ఏ నోరు నమ్మాలె జయానందం?" అన్నాడు. నువ్వు కూడా ఒప్పుకొంటావు, ఆ ప్రశ్న న్యాయమైనదే.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎలిశిబా లేచింది. నేను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేకపోయాను. జాకెట్టు చేయి మోచేతి దాకా మడిచి, "గాబ్రియేలు తాతా, నాకు గూడ గదే ఉన్నది. ఆశ్రమంల సూసిండ్రు, కుష్టు కాదన్నరు. పెద్దనాయినకు గూడ కాదు" అన్నది. చాప మీద ఆమె చుట్టూ ఉన్నవాళ్లు జరిగిపోయారు. పక్కన కూర్చొన్న సౌభాగ్యమ్మ ఒక్కతే కదలలేదు, కాళ్లు నొప్పి అన్నది.

ట్రైనింగు సీటు ఇస్తామన్నారు. హాస్టలులో మాత్రం మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని, గది వేరే చోట చూసుకోమన్నారు. పేటలో అడిగాను. అందరికీ ఇల్లు ఇరుకే అయింది.

ఎలిశిబా నిన్ను ఒక మాట అడగమన్నది. ఇది పోతుందా? వేలు మళ్లీ చక్కగా అవుతుందా?

నీ కాగితం దీనిలో పెట్టాను.

జయానందం


మెదక్,
6 మే 1949

జయానందానికి,

నేను ఉన్నాను. మందిరం ఉత్తరం వైపు కిటికీ కింద, చెప్పులు విప్పే అరుగు మీద కూర్చొని ఉన్నాను. నువ్వు వస్తావో రావో అని ఈస్టర్ నుంచి ప్రతి ఆదివారం అక్కడే కూర్చొంటున్నాను. లోపలికి రావడం నాకు ఇష్టం లేకపోయింది.

అంతా విన్నాను. ఆ మాట వింటే ఎట్లా ఉంటుందో ఎనిమిదేళ్లు ఊహించాను. రకరకాల ముఖాలు పెట్టి, రకరకాల గొంతులతో నీచేత చెప్పించాను. నిజంగా వింటే నా చెవులకు ఎక్కువ వినిపించింది నీ మాట కాదు, పిల్ల లేచినప్పుడు చాప మీద మనుషులు జరిగిన చప్పుడు. నాకు ఆ చప్పుడు బాగా తెలుసు. నేను అడిగింది నీ నోటి మాట, జయానందం, ఆమె చేయి కాదు. నా పేరు నాకు తిరిగి ఇప్పించడానికి ఆమె పేరు పోగొట్టుకోవాలని నేను ఎక్కడా రాయలేదు. కాని గాబ్రియేలు అడిగినదానికి నీ దగ్గర, నా దగ్గర జవాబు లేనప్పుడు ఆ పిల్ల దగ్గర ఉంది.

ఆమె అడిగినదానికి జవాబు ఆమెకే చదివి వినిపించు. తగ్గించి చదవకు. అమ్మా ఎలిశిబా, ఇది పోదు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. చలికాలం ఎక్కువ, ఎండ తగిలితే తక్కువ. మనసు బాగా లేనప్పుడు దానికి ముందే తెలుస్తుంది. ఉబ్బిన వేలు దిగుతుంది, పూర్తిగా చక్కబడుతుందని మాట ఇవ్వలేను. నాది చక్కబడలేదు, నీది ఇంకా లేత వేలు. పొద్దున వేడినీళ్లలో చేతులు పావుగంట ఉంచితే సుద్దముక్క పట్టుకోవచ్చు. సుద్దముక్కకు గుడ్డ చుట్టుకొంటే బోర్డు మీద అక్షరం వంకర పోదు. నేను ఆఖరి రెండేళ్లు అట్లాగే రాశాను, పిల్లలెవరూ కనిపెట్టలేదు.

గది గురించి. ట్రైనింగు బడికి నా గుడిసె మైలున్నర. దారి చదునుగా ఉంటుంది, కీళ్లకు మంచిది. లోపల ఒక గది ఖాళీగా ఉంది, దానమ్మ ఉన్నన్నాళ్లు అక్కడ పడుకొనేది. మియా సున్నం వేయిస్తున్నాడు. జూన్ మొదటి తారీఖుకు తీసుకురా.

ఆమె రాకముందే ఒక సంగతి ఆమెకు తెలియాలి. నీ ఉత్తరం అందాక తొమ్మిది రోజులు నేను నోరు మూసుకొని కూర్చొన్నానని, అందులో రెండు రోజులు సంతోషపడ్డానని చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేనే చెబుతాను. ఆ తర్వాత కూడా ఉంటానంటే ఉంటుంది, వద్దంటే బస్సు సాయంత్రం దాకా ఉంటుంది.

యేసమ్మ లోపలికి వచ్చి వంట సామాను సర్దవచ్చు. నువ్వు పెట్టె తెచ్చి గడప అవతల దించు, అక్కడే నిలబడు. నేను లోపలి నుంచి చూస్తాను. రమ్మంటానో లేదో అప్పటికి గాని నాకు తెలియదు.

లాజరు